బోర్డు మీద ‘టన్నెల్’ అని రాసింది నేనే: తొమ్మిదో తరగతిలో ఒక డిటెక్టివ్ కథ, రెండు ప్రయత్నాలు

మొదటి ఏడాది ఈ కథని చేతులారా పాడుచేసింది నేనే. తొమ్మిదో తరగతి, ఇంగ్లిష్ రీడింగ్ పీరియడ్, కథ పేరు రెడ్ హెడెడ్ లీగ్, కొనన్ డాయల్ రాసిన షెర్లాక్ హోమ్స్ కథల్లో ఒకటి, 1891 ఆగస్టులో స్ట్రాండ్ మ్యాగజైన్‌లో వచ్చింది. పాఠం మొదలెట్టే ముందు కష్టమైన పదాలన్నీ బోర్డు మీద రాసి అర్థాలు చెప్పేయడం నాకు మొదట్నుంచీ అలవాటు, పిల్లలు కూడా దానికే అలవాటు పడిపోయారు, పదాలు రాయకపోతే అసలు పాఠం మొదలవలేదనే అనుకుంటారు. సో ఆ రోజు కూడా 25 పదాలు వరసగా రాసుకుంటూ పోయా, పాన్‌బ్రోకర్, వేకెన్సీ, సెల్లార్, వేజెస్, ఇలా, చివర్లో టన్నెల్. టన్నెల్ అంటే సొరంగం అని పక్కనే అర్థం కూడా రాశా. రెండో పేజీ దాటామో లేదో వెనక బెంచీ నుంచి ఒకడు లేచి "మేడమ్, ఆ అసిస్టెంటు సెల్లార్‌లోంచి సొరంగం తవ్వుతున్నాడా?" అన్నాడు. క్లాసంతా వాడి వైపు తిరిగింది, నేను బోర్డు వైపు తిరిగా. ఇంకేముంది, అయిపోయింది.

మిగతా ఐదు పీరియడ్లు ఎలాగో ఈడ్చుకొచ్చా. చివర్లో ప్రశ్నలు జవాబులు రాయించి, టెస్టు పెట్టి, మార్కులు వేసి వదిలేశా. మార్కులు బానే వచ్చాయి, అదే అసలు బాధ. కథ ఎవరూ చదవలేదు, నోట్సు చదివారు.

ఇప్పుడు రాస్తున్నది రెండో ఏడాది సంగతి. అదే కథ, వేరే బ్యాచ్, 38 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్లు 11. కథ చదవనివాళ్లు ఉంటే ఇక్కడే ఆగి చదివి రండి, కింద ముడులన్నీ విప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

కథ రెండు ముక్కల్లో

జేబెజ్ విల్సన్ అని ఎర్ర జుట్టు ఉన్న ఒక తాకట్టు వ్యాపారి హోమ్స్ దగ్గరికి వస్తాడు. ఎర్ర జుట్టు వాళ్లకి మాత్రమే అని పేపర్లో రెడ్ హెడెడ్ లీగ్ అనే సంఘం పేరుతో ఒక ప్రకటన వచ్చింది, వారానికి 4 పౌండ్లు జీతం, పని ఏంటంటే రోజూ 10 నుంచి 2 దాకా ఒక ఆఫీసులో కూర్చుని ఎన్‌సైక్లోపీడియా చూసి రాయడం, మధ్యలో బిల్డింగ్ దాటి బయటికెళ్తే ఉద్యోగం పోతుంది. 8 వారాలు అలా ‘ఏ’ అక్షరం రాసుకుంటూ పోయాక ఒక రోజు వెళ్లేసరికి తలుపుకి తాళం, లీగ్ రద్దయింది అని అట్టముక్క. అసలు విషయం ఏంటంటే విల్సన్ షాపులో సగం జీతానికి పనిచేసే స్పాల్డింగ్ అనేవాడు ఒక దొంగ, అసలు పేరు జాన్ క్లే. ఈ ఉత్తుత్తి ఉద్యోగంతో యజమానిని రోజూ నాలుగు గంటలు బయటికి పంపించేసి షాపు సెల్లార్ నుంచి వెనక వీధిలో బ్యాంకు కిందకి సొరంగం తవ్వాడు, ఆ బ్యాంకులో 30,000 ఫ్రెంచి బంగారు నాణేలున్నాయి.

ఈ కథనే మళ్లీ ఎందుకు ఎంచుకున్నానంటే ఇందులో హత్య లేదు, రక్తం లేదు, అది ఒకటి. రెండోది, ఇది ‘ఎవరు చేశారు’ కథ కాదు. కాస్త బుర్ర పెట్టి చదివేవాళ్లకి స్పాల్డింగ్ మీద మూడో పేజీకే అనుమానం వస్తుంది. తెలియనిది ‘ఏం చేస్తున్నాడు, ఎందుకు చేస్తున్నాడు’ అనేది. రీడింగ్ క్లాసుకి ఈ రకమే మేలు అని నా అభిప్రాయం, ఎందుకంటే ‘ఎవరు’ అనేదాన్ని పిల్లలు లాటరీలాగా గెస్ చేసేస్తారు, ఐదుగురు అనుమానితుల్లో ఒకడి పేరు చెప్పడానికి చదవక్కర్లేదు. ‘ఎందుకు’కి మాత్రం పేజీలోకి వెళ్లాల్సిందే.

ఒరిజినల్ దాదాపు 9 వేల పదాలు. ఎవరి సాయం లేకుండా సాఫీగా చదివి అర్థం చేసుకోవాలంటే పేజీలో దాదాపు 98 శాతం పదాలు తెలిసి ఉండాలని హూ, నేషన్ అనే ఇద్దరు 2000లో ఒక స్టడీలో తేల్చారు, అంటే 9 వేల పదాల్లో తెలియనివి 180కి మించకూడదు. మా పిల్లలకి మొదటి పేజీలోనే అందులో పావు వంతు ఖర్చయిపోతాయి. కథకి కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి నేనే కత్తెర పట్టుకుని కూర్చున్నా. ప్రకటన, విల్సన్‌ని చూసి హోమ్స్ చెప్పే మొదటి సీను, సగం జీతం సంభాషణ, షాపు ముందు సీను, ఈ నాలుగూ ఒరిజినల్‌లో ఉన్నది ఉన్నట్టు ఉంచేశా. మిగతాది తేలిక ఇంగ్లిష్‌లో నేనే కుదించి రాశా. మధ్యలో హోమ్స్ వయొలిన్ కచేరీకి వెళ్లే ముక్క మొత్తం తీసేశా, సాహిత్యం తెలిసినవాళ్లు కోప్పడొచ్చు గానీ 40 నిమిషాల పీరియడ్‌లో కచేరీకి టైమ్ లేదు.

ఏ పదాలు చెప్పాలి, ఏవి చెప్పకూడదు

ఈసారి 25 పదాలు కాదు, ఆరే ఆరు. కథ ఏ పదాల మీద నిలబడిందో అవి మాత్రమే ముందు చెప్పా. పాన్‌బ్రోకర్, సెల్లార్, వేజెస్, వేకెన్సీ, లీగ్, నామినల్. ఇందులో సెల్లార్ అన్నిటికన్నా ముఖ్యం. మా పిల్లల్లో సగం మంది సెల్లార్ అంటే ‘అమ్మేవాడు’ అనుకున్నారు, సెల్లర్ అనే పదంతో కలిపేసుకుని. నేల కింద గది అని తెలియకపోతే ఈ కథలో ఉన్న పెద్ద క్లూ అసలు క్లూలాగే కనిపించదు, కుందేలు బొరియలో దూరినట్టు స్పాల్డింగ్ సెల్లార్‌లోకి దూరతాడు అని విల్సన్ విసుక్కుంటాడు చూడండి, ఆ వాక్యం గాల్లో కలిసిపోతుంది. టన్నెల్ మాత్రం చచ్చినా ముందు చెప్పలేదు. ఆ పదం కథలో వచ్చినప్పుడు దానంతటదే అర్థమవుతుంది, అర్థమైన ఆ క్షణమే కదా ఈ కథ మొత్తం.

రెడ్ హెయిర్ గురించి ఒక చిన్న గొడవ. పిల్లలు బొమ్మలు వేస్తూ విల్సన్ జుట్టుకి సిరా ఎరుపు, నెత్తురు ఎరుపు వేసుకొచ్చారు. ఇంగ్లిష్‌లో జుట్టు విషయంలో రెడ్ అంటే రాగి రంగుకి, నారింజకి మధ్యలో ఉండేదని చెప్తే "మరి ఆరెంజ్ అనొచ్చుగా మేడమ్" అన్నారు. నా దగ్గర సమాధానం లేదు. ముందుకెళ్లిపోయాం.

‘అట’ సంగతి

అసలు చెప్పాలనుకున్నది ఇది. మూడో పీరియడ్‌లో సగం జీతం సంభాషణ చదువుతున్నాం. స్పాల్డింగ్ వచ్చి నెలే అయింది, పనికోసం డజను మంది వస్తే ఇతన్నే తీసుకున్నా, చురుగ్గా ఉన్నాడు, చవగ్గా దొరికాడు, పని నేర్చుకోవాలని సగం జీతానికే ఒప్పుకున్నాడు, ఇదీ విల్సన్ చెప్పేది. స్పాల్డింగ్ గురించి మనకి ఏం తెలుసో ఇంగ్లిష్‌లో ఐదు వాక్యాలు రాయండి అన్నా. అందరూ రాశారు, హీ వాంట్స్ టు లెర్న్ ద బిజినెస్, హీ లైక్స్ ఫొటోగ్రఫీ, హీ ఈజ్ ఎ గుడ్ వర్కర్. అన్నీ రైటే, అన్నీ రాంగే. ఇవి మనకి తెలిసినవి కావు, విల్సన్ అనుకుంటున్నవి. ఈ తేడా ఇంగ్లిష్‌లో ఎంత చెప్పినా ఎక్కడంలేదు, ఫ్యాక్ట్ అంటా, ఒపీనియన్ అంటా, సోర్స్ అంటా, మొహాలు చూస్తున్నారు.

విసుగొచ్చి తెలుగులోకి దిగా. "సరే, ఈ కథ ఇంటికెళ్లి మీ చెల్లికి చెప్పండి, ఎలా చెప్తారు?" అన్నా. ఒకమ్మాయి లేచి గబగబా చెప్పేసింది, "ఒకాయన షాపులో ఒకడు పనికి చేరాడట, పని నేర్చుకోవాలని సగం జీతానికే వచ్చాడట, ఎప్పుడూ సెల్లార్‌లో ఫొటోలు కడుగుతుంటాడట." నేను అక్కడే ఆపేశా. "నువ్వు అట అని ఎందుకన్నావు?" "నేను చూళ్లేదు కదా మేడమ్." "విల్సన్ చూశాడా?" కాసేపు నిశ్శబ్దం. ఫొటోలు కడుగుతున్నాడని విల్సన్‌కి చెప్పింది ఎవరు? స్పాల్డింగే. అంటే అటకి ఇంకో అట. అప్పుడు వెనక బెంచీలోంచి ఒకడు, "మేడమ్, మరి ఒక్క ఫొటో అయినా ఎవరికైనా చూపించాడా?" అన్నాడు. కథంతా వెతికారు. లేదు. ఒక్క ఫొటో కూడా లేదు.

మనకి పుట్టుకతో వచ్చిన సామాను ఇది, చూసింది వేరు, విన్నది వేరు, ఊహించింది వేరు అని క్రియ చివర్లోనే తేల్చేస్తాం. వచ్చాడు, వచ్చాడట, వచ్చుంటాడు. డిటెక్టివ్ కథ అంతా ఈ మూడింటి మధ్య ఆటే కదా. ఇంగ్లిష్ ఆ పనిని క్రియకి చిన్న తోక తగిలించి చేయదు, దానికి వేరే ఏర్పాట్లు చేసుకుంటుంది. అప్పట్నుంచీ మార్జిన్‌లో మూడు గుర్తులు పెట్టించా. కథ చెప్పే వాట్సన్, అంటే హోమ్స్ స్నేహితుడు, కళ్లారా చూసింది అయితే ‘చూ’, ఎవరో చెప్తే విన్నది అయితే ‘ట’, ఎవరో ఊహిస్తే ‘ఉం’. పెన్సిల్‌తో, ఒక్కో వాక్యానికి.

పేజీలు నిండాక చూస్తే విల్సన్ చెప్పిన భాగమంతా ‘ట’ వరదలాగా ఉంది. వాట్సన్ చూసినవి చాలా తక్కువ, విల్సన్ ఒంటి మీద గుర్తులు, ప్రకటన కాగితం, అట్టముక్క, షాపు, వెనక వీధి, అంతే. హోమ్స్ విన్నదంతా తనూ విన్నాడు, చూసిందంతా తనూ చూశాడు, అయినా తనకి ఏమీ తట్టలేదని వాట్సన్ ఒక చోట తనే వాపోతాడు, ఆ వాక్యం దగ్గర పిల్లలు నవ్వారు. పోయినేడు ఆ వాక్యాన్ని నేను డిక్టేషన్‌కి వాడుకున్నా, సిగ్గుచేటు.

తర్వాత గ్రామర్ దానంతటదే వచ్చి కూర్చుంది. ‘ట’ ఉన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాయాలంటే విల్సన్ సేస్ దట్, అకార్డింగ్ టు విల్సన్, స్పాల్డింగ్ క్లెయిమ్డ్ దట్. ‘ఉం’ ఉన్న వాక్యానికి మస్ట్ హావ్, మే హావ్, కాంట్ హావ్, పక్కన క్రియ మూడో రూపం. ఇక్కడ ఒక గుంట ఉంది, నేనూ పడ్డా. తెలుగులో ‘తవ్వి ఉండాలి’ అంటే గట్టి ఊహ, కానీ ఉండాలి అనగానే పిల్లల చెయ్యి షుడ్ వైపు వెళ్లిపోతుంది, హీ షుడ్ హావ్ డగ్ అని రాస్తారు, అది చదివితే ‘తవ్వాల్సింది, పాపం తవ్వలేదు’ అన్నట్టు ఉంటుంది. ఒకడి పేపర్‌లో హోమ్స్ దొంగని చూసి ‘నువ్వు సొరంగం తవ్వాల్సింది’ అని మందలిస్తున్నట్టు వచ్చింది. తవ్వి ఉండాలి అంటే మస్ట్ హావ్ డగ్, తవ్వాల్సింది అంటే షుడ్ హావ్ డగ్, ఈ రెండు లైన్లూ గోడ మీద అంటించి పది రోజులు ఉంచా, అప్పటికీ నలుగురైదుగురు మారలేదు.

హోమ్స్‌నే నిలదీశారు

ఇదే గుర్తులతో మొదటి సీనుకి వెనక్కి వెళ్లాం. హోమ్స్ విల్సన్‌ని చూడగానే చెప్పేస్తాడు కదా, ఒకప్పుడు శరీర కష్టం చేశావు, నశ్యం పీలుస్తావు, ఫ్రీమేసన్‌వి (అదొక రహస్య సంఘం), చైనా వెళ్లొచ్చావు, ఈ మధ్య బాగా రాతపని చేశావు అని. కుడిచెయ్యి ఎడమదానికన్నా ఒక సైజు పెద్ద, కుడి కఫ్ ఐదంగుళాల మేర మెరుస్తోంది, మణికట్టు పైన చేప పచ్చబొట్టు, వాచీ గొలుసుకి చైనా నాణెం. ఇలాంటి చోట సాధారణంగా టీచర్లం ‘చూశారా ఎంత గొప్ప పరిశీలనో’ అని చెప్పి పోతాం. ఈ పిల్లలు పోనివ్వలేదు. "నాణెం ఎవరైనా ఇచ్చుండొచ్చుగా మేడమ్." "పచ్చబొట్టు వేసేవాడే వేరే దేశం వెళ్లి వేసుండొచ్చు." హోమ్స్ ‘చూ’ అని చెప్పినవన్నీ నిజానికి ‘ఉం’ అని తేల్చారు, చైనా సంగతి మస్ట్ హావ్ కాదు, మే హావ్ అని దించేశారు. కథలో హోమ్స్ ఎప్పుడూ రైటే అవుతాడు, ఎందుకంటే రాసినాయన అతని పక్షాన ఉన్నాడు, ఈ మాట నేను చెప్పలేదు, ఒక పిల్ల చెప్పింది, నేను తర్వాత స్టాఫ్ రూమ్‌లో నా సొంత మాటలాగా వాడుకున్నా.

ప్రతి భాగం చివర ఆపి తర్వాత ఏం జరుగుతుందో ఊహించి రాయమనడం కూడా చేశా, ఇది పాత పద్ధతే, స్టాఫర్ అనే ఆయన 1969లో పుస్తకం రాసి దీనికి గట్టి రూపం ఇచ్చాడు. ఊహ రాశాక ‘ఏ లైను చూసి’ అనే గడి నింపాల్సిందే, లేకపోతే చెల్లదు. షాపు ముందు హోమ్స్ కర్రతో రెండు మూడు సార్లు ఫుట్‌పాత్ మీద గట్టిగా కొడతాడు చూడండి, అక్కడ వచ్చిన ఊహలు మా క్లాసు చరిత్రలో నిలిచిపోతాయి. చిరాకేసింది, కుక్కని తోలాడు, పోలీసులకి సిగ్నల్, చలికి. ఒక్కరు మాత్రం ‘కింద డొల్లగా ఉందేమో చూస్తున్నాడు’ అని రాసి, ఏ లైను అంటే మొదట్లో చెప్పిన కుందేలు బొరియ లైను రాసింది. సెల్లార్ ముందువైపు ఉందా వెనకవైపు ఉందా అని చూశానని హోమ్స్ చివర్లో చెప్తాడు, ఆ పిల్ల నాలుగు పీరియడ్లు ముందే అక్కడికి చేరింది.

ఇంకో మంచి ప్రశ్న పడింది, లీగ్‌ని ఎందుకు మూసేశారు? ఎందుకు పెట్టారు అని అందరూ అడుగుతారు, ఎందుకు మూశారు అని అడిగితే కథ తలుపు తెరుచుకుంటుంది, పని అయిపోయింది కాబట్టి, ఏ పని? లెక్కల మీద మోజున్న ఒకడు రోజుకి 4 గంటలు, వారానికి 6 రోజులు, 8 వారాలు, మొత్తం 192 గంటలు అని బోర్డు మీద వేశాడు. 32 పౌండ్లు పెట్టి 192 గంటలు కొనుక్కున్నారు. యజమాని ఇంట్లో లేని గంటలు.

లీక్, తర్వాత తేదీలు

ఆరో పీరియడ్‌కి కథ లీకైంది. ఒకడు ఇంట్లో మొత్తం చదివేసుకుని వచ్చి లంచ్ టైమ్‌లో అందరికీ చెప్పేశాడు. వాణ్ని తిట్టాలో మెచ్చుకోవాలో తెలియలేదు, ఎందుకంటే 9 వేల పదాల ఒరిజినల్‌ని సొంతంగా పట్టుకుని చదివినవాడు ఆ బ్యాచ్‌లో వాడొక్కడే. సరే, తెలిసిపోయింది కాబట్టి ప్రశ్న మార్చేశా, ‘ఏం జరిగింది’ వదిలేసి ‘మనకి ఎప్పుడు తెలిసి ఉండాల్సింది’ అని పెట్టా. ఇది ముందే చేసుంటే బాగుండేది అనిపించింది. తొదొరోవ్ అనే విమర్శకుడు 1966లో అన్నమాట ఒకటుంది, డిటెక్టివ్ కథలో రెండు కథలుంటాయి, నేరం కథ, దాన్ని వెతికే కథ అని. కాగితం ముక్కల మీద సంఘటనలు రాసి రెండు తాళ్లకి కట్టించా, పై తాడు మీద మనం చదివిన వరస, కింద తాడు మీద అసలు జరిగిన వరస. పై తాడు విల్సన్ రావడంతో మొదలవుతుంది, కింద తాడు క్లే సగం జీతానికి పనిలో చేరడంతో మొదలవుతుంది. పాస్ట్ పర్ఫెక్ట్ ఎందుకు అవసరమో ఆ రెండు తాళ్ల మధ్య ఉన్న ఖాళీని వేలితో చూపిస్తే సరిపోయింది, ఫార్ములా రాయలేదు.

ఆ తాళ్ల దగ్గరే అసలు తమాషా. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి మెల్లిగా "మేడమ్, తేదీలు కుదరట్లేదు" అంది. ప్రకటన వచ్చిన పేపర్ 1890 ఏప్రిల్ 27ది, రెండు నెలల కిందటిదే అని వాట్సన్ చదువుతాడు, విల్సన్ పనిచేసింది 8 వారాలు, అంటే జూన్ చివరికి అయిపోవాలి. అట్టముక్క మీద మాత్రం 1890 అక్టోబర్ 9 అని ఉంది. నాకు గుండె ఆగినంత పనైంది, కుదించి రాసేటప్పుడు నేనే తప్పు రాశానేమో అని పరిగెత్తి ఒరిజినల్ చూశా. ఒరిజినల్‌లోనూ అంతే. డాయల్ చేసిన తప్పే, హోమ్స్ అభిమానులు ఎప్పట్నుంచో పట్టుకుని నవ్వుకునేదే, మూడుసార్లు పాఠం ప్రిపేర్ అయిన నా కంట మాత్రం పడలేదు. అంతేకాదు, ఆ రోజు శనివారం అని హోమ్స్ అంటాడు, తర్వాత కేలండర్ చూస్తే 1890 అక్టోబర్ 9 గురువారం.

మర్నాడు ఆ పీరియడ్ ఆ అమ్మాయిదే. బోర్డు దగ్గర నిలబడి తేదీలు రాసి వివరించింది, క్లాసు రెండుగా చీలింది, రచయిత తప్పు అని సగం, కాదు విల్సన్ అబద్ధం చెప్తున్నాడు, వాడూ దొంగలతో కలిశాడు అని సగం. రెండో వాదన తప్పే, కానీ దానికోసం వాళ్లు కథని మూడుసార్లు తిరగేశారు. రీడింగ్ క్లాసులో పిల్లలు నేను చెప్పకుండా ఒక పేజీని మూడోసారి చదవడం నేను అదే చూడటం.

నడవనివి

38 మందిలో ఎనిమిది తొమ్మిది మంది ఇంగ్లిష్ వాక్యాన్ని కూడబలుక్కుని చదివేవాళ్లు. వీళ్లకి నేను సరిగ్గా ఏమీ చేయలేకపోయా. జతలు వేశా, పక్కవాడు చదివి చెప్పేశాడు, వీళ్లు విన్నారు, వాళ్ల మార్జిన్ గుర్తులు పక్కవాడి దగ్గర కాపీ. ఒక్క చోట దారి దొరికింది, ప్రకటన. అది చిన్నది, నాలుగైదు వాక్యాలు, అది మాత్రం వీళ్లకి అప్పగించా, మీరే ప్రకటన ఎక్స్‌పర్టులు, క్లాసులో ఎవరికి డౌటొచ్చినా మిమ్మల్నే అడగాలి అన్నా. రెండు పీరియడ్లు దానిమీదే కూర్చున్నారు. ప్యూర్లీ నామినల్ సర్వీసెస్ అంటే ‘పేరుకి మాత్రం పని’ అని తెలిశాక అందులో ఒకడు "పేరుకి పనయితే జీతం ఎవరిస్తారు మేడమ్, ఎక్కడో మోసముంది" అన్నాడు. విల్సన్‌కి 8 వారాల్లో రాని అనుమానం వీడికి ఒక్క వాక్యంతో వచ్చింది. కానీ ఒక వాక్యం దగ్గర గెలిచినవాడు పేజీ దగ్గర మళ్లీ ఓడిపోయాడు, దానికి నా దగ్గర ఇప్పటికీ మందు లేదు.

గుర్తులు పెట్టడం కూడా ఒక దశ దాటాక మొక్కుబడి అయిపోయింది. ఏడో పీరియడ్‌కి చదవకుండానే వరసగా ట, ట, ట అని గీసుకుంటూ పోయినవాళ్లున్నారు. వచ్చే ఏడాది రెండు సీన్లకే పెడతా.

సొంత కథలు

చివరి రెండు పీరియడ్లు సొంతంగా ఒక పేజీ డిటెక్టివ్ కథ ఇంగ్లిష్‌లో రాయమన్నా. మొదటి డ్రాఫ్టులు ఘోరం. దాదాపు అన్నిట్లోనూ దొంగ చివరి పేరాలో ఊడిపడతాడు, అంతకుముందు వాడి ఊసే లేదు. నాక్స్ అని ఒక చర్చి ఫాదర్, ఆయనా డిటెక్టివ్ కథలు రాసేవాడు, 1929లో ఇలాంటి కథలకి పది రూల్స్ పెట్టాడు, మొదటిదే ఇది, నేరస్తుడు కథ మొదట్లోనే కనిపించాలి. ఎనిమిదోది, డిటెక్టివ్‌కి దొరికిన క్లూ వెంటనే పాఠకుడికీ చూపించాలి. ఈ ఎనిమిదో రూల్ చెప్పగానే క్లాసు డాయల్ మీద పడింది. స్పాల్డింగ్ తలుపు తీసినప్పుడు హోమ్స్ అతని ప్యాంటు మోకాళ్లు చూస్తాడు, ఏం చూశావని వాట్సన్ అడిగితే అనుకున్నదే చూశా అంటాడు, అంతే, మోకాళ్లు అరిగి మట్టి పట్టి ఉన్నాయని మనకి ఆఖర్లో గానీ చెప్పడు. "ఇది చీటింగ్ మేడమ్." చీటింగే. రూల్ వచ్చింది కథ రాసిన 38 ఏళ్లకి అని చెప్పినా ఒప్పుకోలేదు.

అదే డాయల్ దగ్గర ఒక మంచి దొంగతనం నేర్చుకున్నారు. వెనక వీధిలో హోమ్స్ వరసగా ఐదు చెప్తాడు, పొగాకు కొట్టు, చిన్న పేపర్ షాపు, బ్యాంకు బ్రాంచి, శాకాహార హోటల్, బళ్లు తయారుచేసే డిపో. అసలుది బ్యాంకు, అది సరిగ్గా మధ్యలో, మూడోది. పిల్లల్ని ముందేమీ చెప్పకుండా చదవమంటే మొదటిదీ చివరిదీ గుర్తుంటున్నాయి, మధ్యది జారిపోతోంది, క్లాసులోనే చూశాం, పుస్తకం మూసి ఐదూ చెప్పమంటే బ్యాంకు చెప్పింది ఇద్దరే.

తేదీలు పట్టుకున్న అమ్మాయి కథ లైబ్రరీ తాళంచెవి పోవడం గురించి. మొదటి డ్రాఫ్టులో తాళంచెవి తీసింది కొత్తగా చేరిన ఒక అబ్బాయి అని చివరి లైన్లో ఉంది, అప్పటిదాకా అలాంటి అబ్బాయి ఉన్నాడని ఎవరికీ తెలియదు. పేపర్ వెనక్కిచ్చి ఏమీ రాయలేదు, మార్జిన్‌లో నాక్స్ 1 అని పెట్టా. మర్నాడు తెచ్చింది, మొత్తం తిరగరాయలేదు, మొదటి పేరాలో రెండో లైనుకీ మూడో లైనుకీ మధ్య వేరే పెన్నుతో ఇరికించి ఒక లైను రాసింది, ఆ రోజు లైబ్రరీలో ఎవరెవరున్నారో ఐదుగురి లిస్టు. కొత్త అబ్బాయి మూడోవాడు.